పైడమ్మకు చెప్పని మాట

అనగనగా, ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టుకున్న ఒక రాజ్యం. పల్లపు పొలాలకు నీళ్ళు కావలసినప్పుడల్లా తూము తలుపులు ఎత్తేవారు. ఎత్తే ముందు నగారా మోగించేవారు. ఏట్లో ఉన్నవాళ్ళు ఆ చప్పుడు విని ఒడ్డెక్కేవారు.

ఆ ఏటి రేవులో పైడమ్మ బట్టలు ఉతికేది. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆమెకు వినికిడి పోయింది. ఇన్నాళ్ళూ వెంట ఉండి కనిపెట్టుకున్న, సింహాలు అనే ఆమె అక్క కీళ్ళనొప్పులతో మంచాన పడింది. దిక్కుతోచక పైడమ్మ రాజు విజయకేతు దగ్గరకు వెళ్ళింది.

"నాకు నగారా వినబడదు దొరా. నీళ్ళు వదిలే ముందు ఒక మనిషి వచ్చి నా భుజం తడితే చాలు."

రాజు మనసు కరిగింది. సరేనన్నాడు. తూము కాపలాదారు గవరయ్య రేవుదాకా నడిచివెళ్ళి, ఆమె ఒడ్డెక్కాక తిరిగొచ్చి తలుపులు ఎత్తేవాడు.

కొన్నాళ్ళకు పల్లపు రైతులు వచ్చారు. "ప్రభూ, నీళ్ళు ఆలస్యమై చివరి మడులు ఎండుతున్నాయి. ఒక్క మనిషి కోసం ఇంతమందిమి నష్టపోవాలా?"

వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. నారు నిజంగానే పసుపెక్కింది. రాజు ఆలోచించి, "సగం దారి నుంచి ఎర్రగుడ్డ ఊపితే చాలు" అన్నాడు. పైడమ్మ ఒప్పుకుంది. మాటిమాటికీ తల ఎత్తి చూడడంతో పని సగమే సాగేది.

తరువాత మంత్రి వచ్చాడు. "కాపలాదారు తూము విడిచి వెళ్ళకూడదు ప్రభూ. గుడ్డేదో అక్కడినుంచే ఊపమనండి."

"అంత దూరంలో గుడ్డకీ కొంగకీ తేడా తెలీదు దొరా" అంది పైడమ్మ. అయినా కళ్ళు చిట్లించి చూడడం అలవాటు చేసుకుంది.

ఏడాది గడిచింది. మంత్రి మళ్ళీ వచ్చాడు. "ఇంతవరకూ ఏ ప్రమాదమూ జరగలేదు. ఇంకా ఈ గుడ్డ ఎందుకు ప్రభూ?"

"ఊపుతున్నాం కాబట్టే జరగలేదు ప్రభూ" అన్నాడు గవరయ్య.

రాజుకు ఆ మాట సబబుగానే తోచింది. కానీ మళ్ళీ మళ్ళీ ఇదే తగవుతో విసిగిపోయి ఉన్నాడు. "మానెయ్యండి" అన్నాడు. ఆమెకు ఎవరో ఒకరు చెబుతారులే అని మంత్రి అనుకున్నాడు. మంత్రిగారే కబురు పంపుతారని గవరయ్య అనుకున్నాడు.

మర్నాడు నగారా మోగింది. పైడమ్మ అలవాటుగా తల ఎత్తి తూము వైపు చూసింది. గుడ్డ కనబడలేదు. ఇంకా వేళ కాలేదనుకుని, మళ్ళీ వంగి దుప్పటి జాడించింది.

సాయంత్రం పల్లపు మడిలో, వేళకు అందిన నీళ్ళలో, ఆమె శవం రైతులకు దొరికింది. మోసుకొచ్చినవాళ్ళలో ఏడవనివాడు లేడు.

రాజు అందరినీ పిలిచి అడిగాడు. ఒక్కొక్కరూ తమ కారణం చెప్పారు. ఒక్కటీ అబద్ధం కాదు. శిక్షించడానికి ఎవరూ దొరకలేదు. చివరికి రాజే సింహాలు గుడిసెకు వెళ్ళి, మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"ఏం కావాలో అడుగు తల్లీ."

"ఇప్పుడేం అడగను దొరా? మానేశామని ఒక్క మాట చెప్పి ఉంటే, అది ఏట్లో దిగేది కాదు."



పిల్లలూ, ఒకరిని ఆదుకోవడానికి మనం పడే కష్టాన్ని తూచి చూసుకోవడం తప్పు కాదు. ఆ ఆసరా తీసేస్తే వాళ్ళు ఏమైపోతారో తూచకుండా తీర్పు చెప్పడమే పాపం.