మూడు తాళాలు, ఒక నిద్ర

అనగా అనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఇంతవరకూ మీరు విన్నదే. అయితే ఆ ముగ్గురి మెడల్లోనూ మూడు ఇనప తాళంచెవులు వేలాడుతుండేవని మీకెవరూ చెప్పి ఉండరు. అందుకే కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి.

రాజు పేరు ప్రతాపకేతుడు. ఆయన ఏలే పట్నం నీలాంబరం. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పన్నుల కింద వచ్చిన ధాన్యం, ధనం అంతా ఒకే రాతికొట్టులో పెడతారు. దాని తలుపుకి మూడు తాళాలు. మూడూ ఒకేసారి తిప్పితేనే తలుపు తెరుచుకుంటుంది. ఒకటి ముందైనా తెరుచుకోదు, ఒకటి వెనకైనా తెరుచుకోదు. ఒక్కడి చేతిలో ఉంటే ఖజానా కరిగించేస్తాడని పూర్వపు రాజెవరో అలా చేయించాడు. మంచి ఆలోచనే. కాకపోతే ఆ మహానుభావుడికి కొడుకు ఒక్కడే. అన్నదమ్ముల తగువు ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు?

ఏటా ఉగాది నాడు ముగ్గురు కొడుకులూ స్నానాలు చేసి, కొట్టు ముందు నిలబడి, ఏ పనికి ఎంతో మాట్లాడుకుని, తాళాలు తిప్పాలి. ఆ ఏడు మాట కుదరలేదు.

"ఉత్తరం వైపు కోటగోడ బీటలు వారింది. గోడకి ఒప్పుకుంటేనే నా తాళం తిప్పుతాను" అన్నాడు పెద్దవాడు రణకేతుడు.

"కాలువ పూడిపోయింది. కాలువకి ఒప్పుకుంటేనే నా తాళం తిప్పుతాను" అన్నాడు నడిపివాడు జలకేతుడు.

"వైద్యశాలలో మందులు నిండుకుంటున్నాయి. మందులకి ఒప్పుకుంటేనే నా తాళం తిప్పుతాను" అన్నాడు చిన్నవాడు మధుకేతుడు.

ముగ్గురు చెప్పిందీ నిజమే. అదే వచ్చిన చిక్కు. ఒక్కడైనా అబద్ధమాడి ఉంటే తగువు ఇట్టే తేలిపోయేది. మధుకేతుడు మెత్తని మనిషే కానీ, మొండితనంలో మాత్రం అన్నలకేం తీసిపోడు. రాజు బతిమాలాడు, కేకలేశాడు, చివరికి అలిగి అన్నం మానేశాడు. ముగ్గురూ కలిసి వెళ్ళి ఆయనకి అన్నం తినిపించారు గాని, తాళాలు తిప్పలేదు. గోడ కూలుతూనే ఉంది. కాలువ పూడుతూనే ఉంది. వైద్యశాలలో జాడీల అడుగులు ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి.

ఆ వైద్యశాల గురించి చెప్పాలి మీకు. గొర్రెల కాపరి వచ్చినా, సేనాపతి వచ్చినా అక్కడ పడుకోబెట్టేది ఒకే రకం చాప మీద, తాగించేది ఒకే రకం కషాయం. చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా ఎవరూ ఏమీ అడగరు. రాజవైద్యుడు కాలం చేశాక ఆయన కూతురు చంపక దాన్ని నడుపుతోంది. చిన్నప్పుడు మధుకేతుడికి ఒకసారి విషజ్వరం వస్తే అక్కడే తగ్గింది. అప్పటినుంచి ఏదో ఒక వంకతో అక్కడికి వెళుతుండేవాడు. దగ్గు లేకపోయినా దగ్గేవాడు. చంపక నాడి చూసి, ఏ జబ్బూ లేదని తెలిసి కూడా, ఓ శొంఠి ముక్క చేతిలో పెట్టి పంపేది.

జాడీలు ఖాళీ అయిన సంగతి ఎలా తెలిసిందో, ధూమ్రజంఘుడనే మాంత్రికుడు ఊళ్ళోకి దిగాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఎన్ని మూటలు విప్పినా తరగనన్ని మందులు తెచ్చాడు.

"డబ్బు నాకక్కర్లేదు. మందు పుచ్చుకున్నవాళ్ళు తమ నిద్ర నాకిస్తే చాలు" అన్నాడు.

జనం నవ్వుకున్నారు. నిద్రే కదా, పోతే పోయింది అనుకున్నారు. మందు తాగారు, జబ్బు తగ్గింది. మర్నాడు పాలు పితికేవాడు పొదుగు దగ్గరే తూలిపోయాడు. చాకలి బండ మీద బట్ట వదిలేసి చేతిని బాదుకున్నాడు. పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతున్నారే గాని కన్ను మూయలేకపోతున్నారు.

చంపక అది చూసి మాంత్రికుడి దారికి అడ్డం నిలబడింది. "ఇకమీదట వీళ్ళ దగ్గర తీసుకోకు. అందరి బదులూ నా నిద్ర తీసుకుని మందులివ్వు."

"ఒక్కదాని నిద్ర అంతమందికి ఎలా సరిపోతుంది?"

"పొద్దున్నుంచీ నడుం వాల్చని మనిషి నిద్ర. అంత చిక్కటి నిద్ర నీకెక్కడా దొరకదు."

మాంత్రికుడికి నోరూరింది. ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత మధుకేతుడు దగ్గుకుంటూ వైద్యశాలకి వెళితే, నాడి చూసే చంపక చెయ్యే వణుకుతోంది. ముఖంలో రక్తం లేదు. గోడకి ఆనుకుంటే తప్ప నిలబడలేకపోతోంది. సంగతంతా విన్నాక అతనికి దగ్గు ఆగిపోయింది. నిద్ర లేకుండా మనిషి ఎన్నాళ్ళని బతుకుతుంది?

"నీ మందుల కోసమే పట్టుపట్టాను చంపకా" అన్నాడు.

"తెలుసు రాజకుమారా. కానీ రోగి మీ పట్టుదల తాగలేడుగా."

మధుకేతుడు తల వంచుకున్నాడు. తాళం తిప్పనివాళ్ళలో తనూ ఒకడేనని అప్పుడు గాని అతనికి తట్టలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఒక్క సంగతి వినండి" అంది చంపక. "ఆ మాంత్రికుడు మూట అందిస్తున్నప్పుడు నాడి పట్టుకు చూశాను. నాడి ఆడటం లేదు. అంటే ప్రాణం ఒంట్లో లేదు, ఎక్కడో దాచాడు. శాలువ అంచుకి సముద్రపు ఉప్పు ఉంది, చిలక ఈక ఉంది. ప్రాణాన్ని దూరంగా పెట్టుకున్నవాడికి కంటిమీద కునుకెలా వస్తుంది? అందుకే మన నిద్రలు పట్టుకుపోతున్నాడు."

"ఆ చిలకని పట్టుకొస్తాను" అని మధుకేతుడు లేచాడు. చంపక జాడీల అడుగులు గీకి, మూడంటే మూడు మోతాదుల మందు చిన్న సంచిలో కట్టి ఇచ్చింది.

రేవు దగ్గర అన్నలు అడ్డం తగిలారు. "నువ్వు మునిగితే నీ మెడలో తాళంచెవీ మునుగుతుంది. అది ఇచ్చి వెళ్ళు" అన్నాడు పెద్దవాడు.

"ఇవ్వను."

"అయితే మేమూ వస్తాం" అన్నారిద్దరూ. తమ్ముడి మీద ప్రేమ కొంత, తాళంచెవి మీద బెంగ కొంత. ఏది ఎంతో నేను చెప్పలేను.

ముగ్గురూ ఒక పడవెక్కారు. పెద్దవాడు తెడ్డు ఇటు వేస్తే నడిపివాడు అటు వేశాడు. చిన్నవాడు చుక్కాని ఇంకోవైపు తిప్పాడు. పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగింది. అలా తిరుగుతుంటే నీళ్ళలోంచి మూలుగు వినిపించింది. పెద్ద తాబేలొకటి, కాలికి గాలం గుచ్చుకుని, కాలంతా వాచిపోయి కొట్టుకుంటోంది. మధుకేతుడు సంచి విప్పాడు.

"దీని వైద్యానికి డబ్బెవరిస్తారు?" అన్నాడు పెద్దవాడు.

"ఎవరూ ఇవ్వరు" అని మధుకేతుడు గాలం తీసి మందు రాశాడు. కాలి మంట చల్లారగానే తాబేలు అంది, "మీ తెడ్లు లోపల పెట్టుకోండి నాయనా, మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి." అంటూ పడవని వీపు మీదికి ఎత్తుకుని ఏడు సముద్రాలూ దాటించి ఒక దీవి ఒడ్డున దింపింది.

ఒడ్డున రెక్క విరిగిన కొంగ ఉంది. "ఇంక రెండు మోతాదులే ఉన్నాయి. మనకే ఏదైనా అయితే? ఇంతకీ దీనికి డబ్బెవరిస్తారు?" అన్నాడు నడిపివాడు. "ఎవరూ ఇవ్వరు" అని మధుకేతుడు రెక్కకి మందు రాసి, పుల్లలు పెట్టి కట్టు కట్టాడు. కొంగ తేరుకుని, ఎర్రకొండలో చిలక ఉన్న గుహకి దారి చెప్పింది.

గుహ వాకిట్లో ఎలుగుబంటి కాపలా ఉంది. పెద్దవాడు కత్తి దూశాడు. దూసి, అలాగే ఆగిపోయాడు. ఎలుగుబంటి కళ్ళు పుసికట్టి, వాచిపోయి, చూపు లేక గోడకి తల కొట్టుకుంటోంది. "నన్ను ఈ కాపలాకి పెట్టినవాడు నా కళ్ళకేసి ఒక్కనాడు చూడలేదు" అంది.

పెద్దవాడు కత్తి ఒరలో పెట్టాడు. "ఇచ్చేయరా తమ్ముడూ, ఆ ఉన్నదీ ఇచ్చేయి. డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం" అన్నాడు. కళ్ళు తెరిపిన పడ్డ ఎలుగుబంటి పక్కకి జరిగి దారిచ్చింది.

లోపల గుహ కప్పు నిండా సొరకాయ బుర్రలు వేలాడుతున్నాయి. ఒక్కొక్క బుర్రలో ఒక్కొక్కరి నిద్ర. చెవి పెడితే సన్నగా గురక వినిపిస్తోంది. అన్నిటి మధ్యా ఇనప పంజరం, అందులో పచ్చని చిలక. పెద్దవాడు ఖడ్గంతో కొడితే ఖడ్గమే విరిగింది. అప్పుడు చూశారు, పంజరానికి మూడు తాళాలు. మధుకేతుడు మెడలో తాళంచెవి తీసి పెడితే సరిగ్గా సరిపోయింది.

వెనకనుంచి నవ్వు వినిపించింది. ధూమ్రజంఘుడు వచ్చి వాలాడు.

"ఈ తాళాలు మీ తాళంచెవులకే తెరుచుకునేలా మీ ఊరి కమ్మరితోనే చేయించాను. ఏ తాళం పెట్టినా ఎవడో ఒకడు విరగ్గొడతాడని బెంగగా ఉండేది. మీ రాతికొట్టు చూశాక ఆ బెంగ తీరింది. మీరు ముగ్గురూ ఒక్క మాట మీదికి వచ్చేదెప్పుడు?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "పెద్దవాడా, వెనక్కి వెళ్ళు, తెల్లారేసరికి నీ గోడ లేస్తుంది. నడిపివాడా, నీ కాలువలో నీళ్ళు పారతాయి. చిన్నవాడా, అదిగో, అన్నిటికంటే పెద్ద బుర్ర నీ చంపకది. తీసుకుపో. నేనాపను."

మధుకేతుడు ఆ బుర్రని చేతుల్లోకి తీసుకున్నాడు. వెచ్చగా ఉంది. పసరు వాసన వేస్తోంది. అతనికి ఆశ పుట్టింది, పుట్టలేదంటే అబద్ధం. తీసుకుని పరుగెడితే ఆమె ఇవాళే కళ్ళు మూసుకుని పడుకుంటుంది. కానీ పక్కనే చిన్న చిన్న బుర్రలున్నాయి, నిమ్మకాయలంత. అవి పసిపిల్లలవి. వాళ్ళ కోసమేగా ఆమె తన నిద్ర ఇచ్చింది.

అతను బుర్రని మళ్ళీ కొక్కేనికి తగిలించాడు.

"పెద్దన్నా, నీ గోడకి నేనొప్పుకుంటున్నాను. చిన్నన్నా, నీ కాలువకీ ఒప్పుకుంటున్నాను. ఈ మాట ఉగాది నాడే అనాల్సింది" అన్నాడు.

"మరి నీ మందులు?" అన్నాడు పెద్దవాడు.

"నేనడగను. మీరే చెప్పండి."

అన్నలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దవాడు గొంతు సవరించుకున్నాడు. "గోడంతా ఒకేసారి కట్టాలనేముంది? ఈ ఏడు బీటలు పూడ్చి, మిగతాది వచ్చే ఏడు చూసుకోవచ్చు."

"నాకూ ఇప్పటికి పూడిక తీస్తే చాలు. వెడల్పు చేయడం తర్వాతి మాట" అన్నాడు నడిపివాడు. "మిగిలింది మందులకి. అడిగినదాని కంటే కాస్త తగ్గుతుందేమో తమ్ముడూ."

"తగ్గనీ" అన్నాడు మధుకేతుడు.

మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. మూడు చేతులు ముందుకు వచ్చాయి. మూడు తాళంచెవులు ఒకేసారి తిరిగాయి. పంజరం తెరుచుకుంది, చిలక వచ్చి మధుకేతుడి మణికట్టు మీద వాలింది. పైన బుర్రలన్నీ టపటపా పగిలి, నిద్రలన్నీ పిట్టల గుంపులా సముద్రం మీదుగా ఇళ్ళకి బయల్దేరాయి.

ధూమ్రజంఘుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "నా ప్రాణం తీయకు" అన్నాడు.

"మెడ నులిమితే పీడ విరగడవుతుంది" అన్నాడు పెద్దవాడు.

మధుకేతుడు చిలకని చూశాడు, మాంత్రికుడి ఎర్రటి కళ్ళని చూశాడు. వైద్యశాలలో అందరికీ ఒకటే చాప. అతను మాంత్రికుడి చెయ్యి పట్టుకుని చిలక ముందు పెట్టాడు. చిలక ముక్కుతో ఒక్కసారి మణికట్టు మీద పొడిచింది. నాడి ఆడటం మొదలైంది. ప్రాణం తన ఇంటికి తను చేరింది, చిలక ఎగిరిపోయింది. మంత్రాలన్నీ మరిచిపోయిన ఆ ముసలివాడు పెద్దగా ఆవలించి, ఉన్నచోటే ఒరిగి గురకపెట్టాడు. ఎలుగుబంటి అతని పక్కనే పడుకుంది.

రాజకుమారులు తిరిగొచ్చి రాతికొట్టు తెరిచారు. గోడకి రాళ్ళు వచ్చాయి, కాలువకి పారలు వచ్చాయి, వైద్యశాలకి మూలికల బళ్ళు వచ్చాయి. అప్పుడు నడిపివాడు ఒక మాట అన్నాడు. "వచ్చే ఏడు మళ్ళీ తగువు పడమని ఏమిటి నమ్మకం? సంతలో వచ్చే సుంకంలో పదో వంతు కొట్టులోకి పోకముందే తీసి, వైద్యశాల జాడీలో వేద్దాం. ఆ జాడీకి తాళం వద్దు." ఆ మాటకి మాత్రం ముగ్గురూ వెంటనే ఒప్పుకున్నారు. తర్వాత ఎన్ని ఉగాదులు పోట్లాడుకున్నా మందులు ఆగలేదు.

మరి చంపక? ఆమె నిద్ర అందరి నిద్రలతో పాటే వచ్చి గుమ్మంలో నిలబడింది. "కాస్త ఆగు, రోగులున్నారు" అంది ఆమె. బళ్ళు వచ్చేదాకా ఆగమంది. చివరి రోగి లేచి ఇంటికి నడిచేదాకా ఆగమంది. ఇంతలో పెళ్ళి నిశ్చయమైంది. పందిట్లో మధుకేతుడి పక్కన పీట మీద కూర్చుంది. జీలకర్ర, బెల్లం చేతికిచ్చారు. చూడబోతే పెళ్ళికూతురు పెళ్ళికొడుకు భుజాన తల వాల్చి గాఢంగా నిద్రపోతోంది.

"ముహూర్తం దాటిపోతోంది మహారాజా" అన్నాడు పురోహితుడు.

"ముహూర్తాలు మళ్ళీ వస్తాయి. ఆ పిల్లని లేపకండి" అన్నాడు రాజు.

భజంత్రీలు సన్నాయిలు ఒళ్ళో పెట్టుకున్నారు. వంటవాళ్ళు గరిటెలు కింద పెట్టారు. పెద్దవాడు పందిరి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళందరికీ చెప్పులు విప్పి రమ్మని సైగ చేశాడు. నడిపివాడు విసనకర్ర అందుకున్నాడు. నిద్ర ఇచ్చేసి పోగొట్టుకున్న ఊరు కదా, దాని విలువ వాళ్ళకి తెలుసు. నీలాంబరం మొత్తం మునివేళ్ళ మీద నడిచింది. మధుకేతుడు భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు.

రెండో ముహూర్తం కూడా దాటిపోయాక చంపక కళ్ళు తెరిచింది. "రోగులెవరైనా వచ్చారా?" అంది.

"ఒక్కడే వచ్చాడు. దగ్గట" అన్నాడు మధుకేతుడు.

ఆ తర్వాత ముహూర్తానికి పెళ్ళయింది. పట్టం పెద్దవాడికే కట్టారు గాని, మూడు తాళంచెవులూ మూడు మెడల్లోనే ఉన్నాయి. ముగ్గురూ చాలాకాలం పోట్లాడుకుంటూ, ఒప్పుకుంటూ, చల్లగా ఏలారు. ఆ ఊళ్ళో వాళ్ళు నిద్రపోయినట్టే మీరూ ఇంక వెళ్ళి పడుకోండి. మీ నిద్ర మీదే, ఎవరూ అడగరు.