కొసలంక డప్పు

అనగనగనగా, నదులకు ఊరికే కోపం వచ్చే రోజుల్లో, నాగవాహిని ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. ఇప్పుడు ఆ కోపం తగ్గిందా అని నన్నడగకండి, నదినే అడగండి.

ఒక ఏడు వరద వచ్చి నది నడుమ ఉన్న లంకలన్నిటినీ ముంచెత్తింది. రాజుగారు బియ్యం, బట్టలు, ఎండు కట్టెలు నింపి మూడు పడవలు సిద్ధం చేయించారు. ఆపద వస్తే డప్పు కొట్టి పిలవడం లంకవాసుల ఆచారం. అందుకని, "ఏ డప్పు గట్టిగా మోగితే ఆ లంకకు వెళ్లండి" అని ఆజ్ఞ ఇచ్చారు.

మోత విని దారి చెప్పే పని దాలయ్యకు అప్పగించారు. దాలయ్య ఒకప్పుడు పేరుమోసిన డప్పు వాయిద్యగాడు. ఏ మోత ఏ లంకదో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆలి పోయింది. ఒక్కగానొక్క కూతురు పైడమ్మను రెల్లులంకకు ఇచ్చాడు. పడవలు వెళ్లిపోతే గట్టు మీద అతనికి తోడు తన పాత డప్పూ, ఎడతెగని ముసురూ తప్ప ఏమీ మిగిలేవి కావు. పడవవాళ్లను జనం దండం పెట్టి పలకరించేవారు. దాలయ్యను తిన్నావా అని అడిగినవాడు లేడు.

మొదటిరోజు చిలకలంక డప్పు గట్టిగా మోగింది. మూడు పడవలూ అక్కడికే వెళ్లాయి.

రెండోరోజు తాటిలంక డప్పు అంతకంటే గట్టిగా మోగింది. మూడు పడవలూ అక్కడికే వెళ్లాయి. కొసలంక నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. బాగానే ఉన్నారు కాబోలు అనుకున్నాడు దాలయ్య.

సాయంత్రం పడవల పెద్ద గవరయ్య నవ్వుతూ వచ్చాడు. "తాటిలంకవాళ్లు మెరక మీద మంటేసుకుని దర్జాగా డప్పు కాచుకుంటున్నారయ్యా! మాకే వేడివేడి గంజి పోశారు!"

అందరూ నవ్వారు. దాలయ్య మాత్రం గబుక్కున లేచాడు. ముసురుకు తడిసిన తన డప్పు తీసి ఒక్క దెబ్బ వేశాడు. తడిబట్ట మీద కొట్టినట్టు చప్పగా పడింది. తడిసిన డప్పు మోగదు, మంట మీద కాస్తేనే మోగుతుంది. ఇన్నేళ్లు వాయించిన తనకు ఈ ముక్క తట్టకపోయిందే అని సిగ్గుతో కుమిలిపోయాడు.

మూడోరోజుకు రెండు పడవలు దెబ్బతిన్నాయి. మిగిలింది ఒక్కటే. దానిలో ఒక్క లంకకు సరిపడా తిండే ఉంది. అప్పుడే రెల్లులంక డప్పు మోగింది. అది అల్లుడి చేతి వరస. తను నేర్పిందే.

"ఎటు పోనివ్వమంటావు?" అన్నాడు గవరయ్య.

"కొసలంకకు."

"పిలవని పేరంటానికా! అటు పిలుస్తున్నది నీ కూతురి ఊరు కాదూ? వినబడలేదా?"

"వినబడింది. డప్పు మోగుతోందంటే అక్కడ మంట ఉంది. మంట ఉందంటే కాస్త పొడి నేలైనా ఉంది. కొసలంకలో అదీ లేదేమోనని నా భయం. రాజుగారికి నేను జవాబు చెప్పుకుంటాను, వెళ్లు."

పడవ కనుమరుగైంది. రెల్లులంక డప్పు మోగుతూనే ఉంది. దాలయ్య చెవులు మూసుకోలేదు. వినడమే తన పని మరి.

మధ్యాహ్నానికి ఆ డప్పు ఆగిపోయింది.

పంపడానికి ఇంకో పడవ లేదు. చెప్పుకోవడానికి మనిషి లేడు. మోగని డప్పుకు అర్థమేమిటో పొద్దున తన నోటితోనే చెప్పాడు. దాలయ్య ఆ గట్టు మీద చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

పొద్దు వాలుతుండగా పడవ తిరిగొచ్చింది. దాని నిండా కొసలంక జనం. అందరూ ఒకే పాక కప్పు మీద మూడు రోజులుగా నానిపోయి ఉన్నారట. "డప్పు ఉంది నాయనా, నిప్పే లేదు. ఇంకో పూటైతే మేమూ లేము" అంది ఒక ముసలమ్మ.

ఆ జనం వెనకాల నుంచి బిడ్డను ఎత్తుకుని పైడమ్మ దిగింది. తిరిగి వస్తుంటే రెల్లులంక డప్పు వినబడకపోవడం గవరయ్య గమనించి, ఎవరూ చెప్పకుండానే పడవను అటు తిప్పాడు; పడవలో మిగిలిన తిండి అక్కడ దింపి, చోటున్నంతలో పసిపిల్లల తల్లులను ఎక్కించుకున్నాడు. చివరి కట్టె కూడా అయిపోయి, పిల్లలకు గంజి కాచడానికి వాళ్లు డప్పు చట్రాన్నే పొయ్యిలో పెట్టారట.

పైడమ్మ తండ్రికి కాస్త ఎడంగా కూర్చుంది.

"నాన్నా, మేము వాయిస్తుంటే నీకు వినబడిందా?"

"ప్రతి దెబ్బా వినబడింది, తల్లీ."

ఆమె బిడ్డను తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

సంగతి విన్న రాజుగారు ఆజ్ఞ మార్చారు. ఆనాటి నుంచి వరదొస్తే, "ఏ లంక నుంచి డప్పు వినబడలేదు?" అని ముందుగా అడిగేవారు. దాలయ్య గట్టు మీదే ఉండి, చివరిదాకా ఒంటరిగా వింటూనే ఉన్నాడు.

పిలిచినవారి దగ్గరకు ఎవరైనా వెళ్తారు; పిలవలేనివారిని వెతుక్కుంటూ వెళ్లడమే నిజమైన సాయం.