పది మెట్లకో బిరుదు

ఒకానొక కొండరాజ్యంలో వీరభూపతి అని ఒక రాజుండేవాడు. ఆయనకి ముప్పై రెండు బిరుదులు. గడప దాటితే పల్లకీయే. ఓ రోజు పట్టాభిషేకం నాటి నడికట్టు నడుము చుట్టూ అందకపోయేసరికి రాజుగారికి భయం పట్టుకుంది. కసరత్తు నేర్పే వస్తాదు పోతయ్యని పిలిపించి, రేపట్నుంచి రోజూ పొద్దున్నే కోటగుట్ట ఎక్కుతానన్నాడు.

కోటగుట్టకి మూడొందల ఇరవై మెట్లు. పది ఎక్కి ఆగండి, ఊపిరి తిరిగాక ఇంకో పది ఎక్కండి అని పోతయ్య ముందే చెప్పాడు. రాజన్నవాడు మధ్యలో ఆగితే బాగుండదని వీరభూపతి వినకుండా ఒక్క బిగిన ఎక్కాడు. అరవయ్యో మెట్టుకొచ్చేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంది. అక్కడే కూలబడ్డాడు.

పోతయ్యకి మాట మెత్తగా చెప్పడం రాదు. "కొత్తలో ఆయాసం అందరికీ వస్తుంది ప్రభూ," అన్నాడు.

"నేను అందరిలాంటివాణ్ణా?" అన్నాడు రాజు. ఆ ఒక్క మాటా నాలుగు ముక్కలుగా వచ్చింది.

మర్నాటి నుంచి తను ఎక్కే వేళకి గుట్ట మీద ఎవరూ ఉండకూడదని ఆజ్ఞ వేశాడు. ఒక్కడే వెళ్ళేవాడు. అరవై మెట్ల దగ్గర కూలబడి, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూసుకుని దిగొచ్చేవాడు. పదకొండు రోజులైనా అంతే. తప్పు రాజుది కాకూడదు కాబట్టి అది పోతయ్యదైంది. పిచ్చి కసరత్తు నేర్పి రాజుగారి ఊపిరి చెడగొట్టాడని, పౌర్ణమిలోగా దేశం విడిచి పొమ్మన్నారు.

కొలువులో బిరుదులు చదివే చెంచయ్యకి ఈ సంగతి తెలిసి అన్నం సయించలేదు. అతనిది వేరే దేశం. ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది. సభలో రోజూ గొంతెత్తి ముప్పై రెండు బిరుదులూ చదువుతాడు. సభ ముగిశాక అతనితో మాట్లాడేవాళ్ళుండరు. ఒక్క పోతయ్యే సాయంత్రాలు తన సాముగరిడీ అరుగు మీద చోటిచ్చి, సంగటి ముద్దలో సగం తుంచి పెట్టేవాడు. ఆ మనిషి కూడా పోతే చెంచయ్యని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు.

రెండు రోజులు ఆలోచించి సభలో లేచాడు.

"ప్రభూ, బిరుదులు చదవని చోట రాజు అడుగు పెట్టినా పెట్టనట్టే. ఇది మన కొలువు మర్యాద. ఈ పదకొండు రోజులూ మీరు గుట్ట ఎక్కనే లేదు. ఎక్కని గుట్టకి ఆయాసమెక్కడిది? పోతయ్య తప్పెక్కడిది?"

మంత్రి దగ్గాడు. కాదనడానికి లేదు. బిరుదులు చదవకముందే దండం పెట్టాడని, పోయినేడాది ఒక సామంతుడి దండం చెల్లదన్నది రాజే. రేపు తను చదువుతూ వెంట వస్తానని, అప్పటికీ రాజుగారికి ఆయాసమొస్తే పోతయ్యతో పాటు తనూ వెళ్ళిపోతానని చెంచయ్య అన్నాడు. నిండు సభలో రాజు రావద్దనలేకపోయాడు.

మర్నాడు పదో మెట్టు మీద చెంచయ్య ఆగి, చెయ్యెత్తి మొదటి బిరుదు చదివాడు. కొలువు మర్యాద ప్రకారం బిరుదు చదివితే రాజు కళ్ళు మూసుకుని నిలబడాలి. ఎత్తిన చెయ్యి దిగేదాకా కదలకూడదు. రాజు రొమ్ము ఎగిసిపడటం తగ్గేదాకా ఆ చెయ్యి దిగలేదు. ఇంకో పది మెట్లు, ఇంకో బిరుదు. పంతొమ్మిదో బిరుదు దగ్గర చెంచయ్యకే ఊపిరాడక గొంతు మధ్యలో తెగింది. చెయ్యి దిగినా రాజు ఇంకాస్సేపు కళ్ళు మూసుకునే ఉన్నాడు.

ముప్పై రెండో బిరుదుకి మెట్లు అయిపోయాయి.

రాజు చుట్టూ చూశాడు. "ఒరే చెంచయ్యా, నా ఆయాసం ఏమైంది?"

"పోతయ్య చెప్పిందే చేశాం ప్రభూ. పది మెట్లకోసారి ఆగాం. అతను ఆగమంటే మీకు చిన్నతనం, నేను ఆపితే మర్యాద."

రాజు కింద అరవయ్యో మెట్టు వైపు చెయ్యి చూపించాడు. "ఆ మెట్టు దగ్గర ఒక్కణ్ణే కూర్చుంటే నా ఊపిరి చప్పుడికి నాకే భయమేసేది," అన్నాడు. "ఇది మామూలేనా అని అడుగుదామంటే మనిషి లేడు. ఎవర్నీ రానివ్వంది నేనే కదా."

అలా అంటూనే నవ్వడం మొదలుపెట్టాడు. ముప్పై రెండు బిరుదులు మోసుకుంటూ మెట్లెక్కాను గదరా అని పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కంకణం తీసి చెంచయ్యకి తొడిగి, ఇంకేం కావాలో అడగమన్నాడు.

"పోతయ్యని ఉండనివ్వండి," అన్నాడు చెంచయ్య.

మర్నాడు ముగ్గురూ కలిసి ఎక్కారు. బిరుదులు వద్దన్నాడు రాజు. పది మెట్లకి పోతయ్య ఆగమంటే ముగ్గురూ మెట్టు మీదే కూర్చున్నారు. ఎవరి దగ్గరా మాట్లాడే ఊపిరి లేదు. కాసేపటికి అందరికీ కుదుటపడింది. లేద్దామా అన్నాడు రాజు.

ఇంకాస్సేపు కూర్చుందామన్నాడు చెంచయ్య.