రాయుడుగారి రెండు జీపులు

వెలిచర్ల భూస్వామి గజపతిరాయుడు కొత్త జీపు కొన్నాడు. పందెపు ఎడ్లను తీసుకుపోయే ట్రైలరు మాత్రం పాతదే. అందులోని కెమెరా దృశ్యం పాత జీపు తెరపై చక్కగా కనబడేది. కొత్త జీపు తెర నల్లగానే ఉండిపోయింది.

ఎలక్ట్రీషియన్ మస్తాను పరిశీలించి, “అయ్యా, కొత్త జీపు తీగ ఒకటి కోసి అతకాలి” అన్నాడు.

“నా కొత్త బండిమీద కత్తెర పెడతావా? దాని తీగ ముట్టుకోకుండానే, రేపు పందేనికి పోయేటప్పుడు నా ఎడ్లు నాకు తెరమీద కనబడాలి. లేదా, నా స్థలంలోంచి నీ కొట్టు ఎత్తెయ్!”

“చిత్తం” అన్నాడు మస్తాను.

మరునాడు వాకిట్లో ముందు కొత్త జీపు, దానికి మోకుతో కట్టిన పాత జీపు, దాని వెనుక ఎడ్లతో ట్రైలరు సిద్ధంగా నిలిచాయి. ఊరంతా చూడవచ్చింది.

“ఇదేమిట్రా?”

“కొత్తదాని తీగ ముట్టలేదయ్యా. తమరు పాత జీపులో కూర్చుంటే ఎడ్లు తెరమీద కనబడతాయి.”

“మరి కొత్తదానిలో ఎవరు?”

“డ్రైవరు వీరాసామి. అప్పుడే ఏసీ కూడా వేసుకున్నాడయ్యా.”

అద్దం వెనుకనుండి వీరాసామి వినయంగా నమస్కరించాడు.

రాయుడు మస్తాను దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు:

“కత్తెర తెచ్చావా?”