విత్తుల బుర్ర, వెలుగుల పెట్టె

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే చెప్పండి, దుప్పటి లాక్కుని అరుగు మీదికి తోలేస్తాను. ఈ కథకి సాక్షి ఉంది. పేరు చివర్న చెబుతాను. ఊఁ కొట్టు మరి.

అనగనగా ఒక కొండమీది ఊళ్ళో సింగారమ్మ అని ఉండేది. పులి ఎదురొస్తే పులే పక్కకి తప్పుకునేదట. ఆ ఊరికి కరెంటు తీగ రాలేదు. సగం కొండెక్కి, ఆయాసమొచ్చి దిగిపోయింది. అందుకని ఎండని పట్టే పలకలు, పట్టిన ఎండని దాచే ఏనుగుపిల్లంత బ్యాటరీ పెట్టారు. పక్కన గోడకి ఒక డబ్బా. బ్యాటరీ బాగా దిగిపోతే డబ్బాలో ఎర్రదీపం వెలిగి, ఊళ్ళో దీపాలన్నీ ఆగిపోతాయి.

మొదటి బ్యాటరీని ఊరివాళ్ళే చంపుకున్నారు. పెళ్ళిలో మైకు ఆగిపోయిందని, డబ్బాని తప్పించి అడ్డతీగ కలిపారు. అడుగంటా పీల్చేశాక అది ఎంత ఎండ పోసినా మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత రెండోది వచ్చింది. దాని గది తాళం సింగారమ్మకిచ్చారు. ఊరందరి విత్తనాల సొరబుర్రలు దాచేది ఆమే. ఆకలేసినా విత్తు ముట్టనివ్వని మనిషి.

అప్పుడు ముసురు పట్టింది. అలాంటిలాంటి ముసురా? కప్పలే తడవలేక చూరు కిందికొచ్చాయి. ఎర్రదీపం వెలిగింది. ఊరు చీకటైంది.

మొదట కుర్రాళ్ళొచ్చారు, టీవీలో ఆట సగంలో ఆగిందని. చిన్న అడ్డతీగ చాలన్నారు. పొమ్మంది.

ఆ తర్వాత మరిది బొంజన్న వచ్చాడు.

"ఏం వదినా, ఆ బ్యాటరీని పెంచి పెళ్ళి చేస్తావా?"

"చేస్తా. నీకు పిలుపుండదు."

ఆ తర్వాత సొంత కూతురే వచ్చింది. నిండు చూలాలు, చీకటంటే భయం. "అమ్మా, ఒక్క దీపం" అంది. సింగారమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది కూడా. మళ్ళీ ముడేసుకుంది.

"విత్తు తినేస్తే రేపేం చల్లుతామే? అడుగున మిగిలింది దాని ప్రాణం. మనది కాదు."

ఆముదం దీపం పెట్టి పక్కన కూర్చుంది. కూతురు అటు తిరిగి పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మబ్బు చీలి పిడికెడు ఎండ కాసింది. ప్రాణమున్న బ్యాటరీ కదా, ఆ పిడికెడూ గటగటా తాగేసింది. ఎర్రదీపం పోయి పచ్చది వెలిగింది.

పొద్దుగూకే వేళకి కూతురికి నొప్పులొచ్చాయి. బిడ్డ మెడకి పేగు చుట్టుకుని వచ్చింది. ఆముదం దీపానికి కనిపించేదే కాదు. నెత్తిమీద తెల్లదీపం పట్టపగలల్లే వెలుగుతోంది గనక మంత్రసాని చూసింది, తప్పించింది. అప్పుడు బిడ్డ కేరుమంది. ఆ కేకకి అవతలి కొండమీద నెమళ్ళు బదులు పలికాయి.

కూతురు తల్లి చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది.

ఆ తర్వాత విత్తనాల పండగొచ్చింది. సొరబుర్రలకి పెట్టే బొట్టు ఆ ఏడు బ్యాటరీకీ పెట్టారు. మొదటి బొట్టు బొంజన్నదే. పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"పిలవకపోయినా వచ్చాను వదినా, పెళ్ళికూతుర్ని చూసిపోదామని."

బుర్రలోన విత్తు మిగిలె,
పెట్టెలోన వెలుగు మిగిలె,
కథేమో కంచికి కదిలె,
కునుకేమో మనింటికి కదిలె.

ఇంకా నమ్మవా? ఆ దీపం కింద కేరుమన్న బిడ్డే సాక్షి. ఇదిగో, నీ పక్కనే గుర్రుపెడుతోంది. మీ అక్క వెలుగమ్మ.