చప్పిడి తిన్న వకీలు

అనగనగా, మాట ఇంకా దూరం వెళ్ళడం నేర్చుకోని రోజుల్లో, ఒక సముద్రం. దాని చుట్టూ ఏడు రాజ్యాలు. నడుమ ఒక ఇసుక లంక.

ఏడు రాజ్యాలూ తలా ఒక పోగు ఇచ్చి, అన్నీ కలిపి పేని, ఒక తాడు చేశాయి. ఒకరు పట్టు ఇచ్చారు. ఒకరు నూలు. ఒకరు కొబ్బరి పీచు. ఈ ఒడ్డున శంఖంలో మాట్లాడితే, మాట ఆ తాడు మీద లంక దాటి, ఆ ఒడ్డున శంఖంలో వినబడేది. దాన్ని పలుకుతాడు అనేవారు.

తాడు అందరిదీ. కాబట్టి తగవులూ అందరివీ. దాని తరఫున వాదించడానికి ఒక వకీలు కావాలన్నారు. ఆ వకీలు లంకలోనే ఉండాలి. ఏ రాజ్యపు ఉప్పూ తినకూడదు. తింటే ఆ పక్షమే పలుకుతారని పెద్దల భయం. తగవు వచ్చినప్పుడు ఏడుగురు రాజులూ లంకలోనే సభ కూడతారు. అలాంటి మూడు సభలు చప్పిడి కూడుతో గడిపితే ఇంటికి వెళ్ళిపోవచ్చు.

పడమటి రాజ్యంలో తరళ అనే వకీలు ఉండేది. గట్టు తగవులో సొంత మేనమామదే తప్పని నిలబడి చెప్పిన మనిషి. ఆమెనే పిలిచారు. కూతురు వకుళని అక్క చేతిలో పెట్టి, తరళ పడవెక్కింది.

రోజూ సాయంత్రం శంఖంలో వకుళ గొంతు వినబడేది.

"అమ్మా, తిన్నావా?"

"తిన్నాను."

"చప్పిడేనా?"

"చప్పిడే."

అంతే. ఆ తర్వాత లంకలో అలల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు.

మొదటి సభకి తూర్పు రాజు వచ్చాడు. తన శత్రువు మాటలు తన ఒడ్డు మీదుగా పోతున్నాయట. తన పోగు తాను తీసేసుకుంటానన్నాడు. తరళ తాడు కొస ఆయన చేతికిచ్చింది. ఆయన పురి విప్పాడు. నాలుగు చుట్లు వదిలేసరికి ఏడు తీరాలూ మూగపోయాయి. ఆయన కోటలో శంఖం కూడా. ఆయనే మళ్ళీ కూర్చుని పేనాడు. తాడుని ఏ రాజూ తెంపరాదని సభ తీర్మానించింది.

రెండో సభకి ముత్యాల శెట్టి వచ్చాడు. వర్తకుల మాట ముందు పోవాలి, మిగతా వాళ్ళది తర్వాత అన్నాడు. తరళ ఒప్పుకోకపోతే నవ్వాడు.

"చప్పిడి తిని తిని మీ వాదన కూడా చప్పబడిపోయింది, వకీలమ్మా."

తరళ కోపగించుకోలేదు. గాలివాన వస్తోందని మీ ఓడలకి మొదట చెప్పేదెవరని అడిగింది. రేవులో చేపలమ్మే గంగమ్మ అన్నాడు శెట్టి. అని, తనే ఆగిపోయాడు. ఎవరి మాటా ఎవరి వెనకా నిలబడనక్కర్లేదని సభ తీర్మానించింది.

మూడో సభ ముందురోజు తరళ సొంత రాజే వచ్చాడు. చిన్న మూటలో ఊరి ఉప్పు తెచ్చాడు.

"రేపటితో నీ గడువు తీరుతుంది, తల్లీ. నీ కూతురు రేవులో ఎదురుచూస్తోంది. లంకలో మన మనిషి ఒకడు కూర్చుని అందరి మాటలూ వింటాడు. రాజ్యం మేలు కోసమే. నువ్వు ఊఁ అంటే చాలు."

తరళ మూట చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. తర్వాత తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు సభలో శంఖం తెచ్చి తన రాజు ముందు పెట్టింది. ఆయన కూతుర్ని ఉత్తరపు రాజ్యానికి ఇచ్చారు.

"మహాప్రభూ, మా అందరి ముందూ మీ అమ్మాయితో ఒక్క మాట మాట్లాడండి. ఆ తర్వాత మీరేం చెప్తే అదే."

రాజు శంఖం అందుకున్నాడు. సభంతా చెవి ఒగ్గింది. "అమ్మడూ" అన్నాడు. అవతల నుంచి "నాన్నా, ఎలా ఉన్నారు?" అని వినిపించింది. ఆయన చుట్టూ ఒగ్గిన చెవుల్ని చూశాడు. శంఖం దించేశాడు.

ఎవరూ ఎవరి మాటా చాటుగా వినరాదని సభ తీర్మానించింది.

రాజు ఆమె వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. తన రేవుకి లంక నుంచి పడవ రాకూడదన్నాడు, లంకకి పోకూడదన్నాడు. పుట్టిన గడ్డ ఉప్పుకే ద్రోహం చేసిందని ఊళ్ళో అన్నారు. మిగతా రాజులు మెచ్చుకున్నారు. కానీ మా ఇంటికి రమ్మని ఒక్కరూ అనలేదు.

తరళ లంకలోనే ఉండిపోయింది. తాడుని మాత్రం రాజు తెంపలేకపోయాడు. దాని మీద పోయే మాటలు వినలేకపోయాడు కూడా.

ఆ సాయంత్రం శంఖం పలికింది. వకుళ గొంతు ఎప్పటిలా లేదు.

"అమ్మా, తిన్నావా?"

"తిన్నాను."

చప్పిడేనా అని వకుళ ఈసారి అడగలేదు.

"ఇవాళ్టి నుంచి నేనూ చప్పిడే తింటున్నానమ్మా."

ఆ మాట తరళ ఒక్కతే విన్నది. ఏడు రాజ్యాల్లో మరెవరూ వినలేదు.

పదిమందీ నడిచే దారికి కాపు కాసేవారికి తోడు దొరకకపోవచ్చు. ఆ కాపు లేకపోతే మాత్రం ఎవరికీ ఎవరూ తోడుండరు.