పిడికెడు బియ్యం, ఈస్టరు అట్లు

అనగనగా గోదారి పాయ ఒడ్డున ఒక ఊరుండేదట, బంగారం. ఆ ఊళ్ళో చిన్న గుడి, పెద్ద గంట. ఆ గంటని పడవ మీద తెస్తుంటే పడవ బోల్తా పడి... సర్లే, గంట మాట ఇప్పుడెందుకు? మనది బియ్యం కథ.

ఆ ఊరి ఆడవాళ్ళకి ఒక అలవాటు. లెంటు, అంటే ఈస్టరుకి ముందొచ్చే నలభై రోజుల ఉపవాసాలు, మొదలైన దగ్గర్నుంచి, రోజూ వంటకి బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి, ప్రార్థన చేసుకుని, దేవుడి కుండలో వేసేవాళ్ళు. ఈస్టరుకి ఆ కుండలన్నీ గుడికి చేరేవి. పండగ పొద్దున ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే బంతిలో కూర్చుని ఆ అన్నమే తినాలి.

ఒక ఏడు ఆ వంట కొత్త అమ్మగారి మీద పడింది. అమ్మగారంటే పాస్టరుగారి భార్య, కృపావతి. చిన్నపిల్ల, కొత్త కాపురం.

ఆ ఏడే తుఫానొచ్చి చేలు మునిగిపోయాయి. అప్పుడు ఎవరికి దొరికిన బియ్యం వాళ్ళు తిన్నారు. ఒకరివి సన్నబియ్యం, ఒకరివి రేషన్ బియ్యం, ఒకరివి ఉప్పుడు బియ్యం. ఎస్తేరమ్మని ఒక లేనావిడ ఉండేది, పాపం, ఆవిడవి నూకలు. అయినా ఎప్పటిలాగే కుండలన్నీ ఒకే బానలో గుమ్మరించేశారు!

శనివారం పొద్దున్నే కృపావతి గిన్నెడు వండి చూసింది. నూకలు జావైపోయాయి, ఉప్పుడు బియ్యం ఉడకనే లేదు.

ముసలి సలోమమ్మ నోట్లో వేసుకుని, "ఏమ్మా అమ్మగారూ, ముద్దయినవి పళ్ళులేని నాకు, పలుకున్నవి మా కోళ్ళకీనా?" అంది.

ఆ తర్వాత కృపావతి మంట తగ్గించి మళ్ళీ వండింది. ఈసారి అడుగు మాడింది, పైన పచ్చి. కృపావతికి ఏడుపొచ్చింది. ఈ బియ్యం అన్నం కాకపోతే రేపు ఊరంతా పస్తే. ఇళ్ళల్లో ఇంకో గిద్దెడు ఉంటేగా!

అప్పుడు ఆడవాళ్ళంతా చేటలు తెచ్చుకుని, ఏ బియ్యానికా బియ్యం వేరుచేద్దామని కూర్చున్నారు. అదిగో, అక్కడ మొదలైంది తగువు.

"ఈ సన్నవి మావి. మా పిల్లల విస్తట్లోకే రావాలి" అంది దీవెనమ్మ.

"నూకలు వేసినావిడ నూకలే తింటుందిలే" అంది పక్కావిడ.

ఎస్తేరమ్మ చేట కింద పెట్టి, కొంగు దులుపుకుని గుమ్మం వైపు నడిచింది.

కృపావతికి ఒళ్ళు మండింది. కుప్పలన్నీ చేత్తో కలిపేసి, బానలోకి తోసి, నిండు బిందెడు నీళ్ళు కుమ్మరించింది.

"ఇప్పుడు చెప్పండి, ఎవరివి ఏవో!"

అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. సలోమమ్మకి మాత్రం నవ్వాగలేదు. "నీళ్ళు పోసేశావుగా తల్లీ, ఇక రుబ్బడమే. అట్లు పోద్దాం. ఏయ్ ఎస్తేరూ, ఎక్కడికే? మీ రోలు పెద్దది, దొర్లించుకురా!"

అంతే. ఒకరు గుప్పెడు మినపప్పు తెచ్చారు, ఒకరు ఉప్పు తెచ్చారు, ఇంకొకరు మెంతులు. సాయంత్రానికి ఊళ్ళో రోళ్ళన్నీ గుడి ముందే. రుబ్బుతూ రుబ్బుతూ పాటలెత్తుకున్నారు. పరలోకరాజ్యం పులిసిన పిండిలాంటిదని ప్రభువు చెప్పాడు చూడు, ఆ మాట వంట చేసేవాళ్ళకి తొందరగా అర్థమవుతుంది. మీ తాతయ్యకి ఎన్నిసార్లు చెప్పినా... సరే, విను.

తెల్లవారింది. "ప్రభువు లేచెను!" అని పాడుతూ ఊరంతా తిరిగి గుడికి వచ్చారు. చూస్తే ఏముంది? పిండి పొంగి, బానల మీద మూతలు పైకి లేచి కూర్చున్నాయి. పిల్లలు ఒకటే కేకలు!

ఆ తర్వాత చుయ్ చుయ్ మని అట్లు పడ్డాయి. ఎస్తేరమ్మా దీవెనమ్మా బంతిలో పక్కపక్కనే కూర్చున్నారు. దీవెనమ్మ అట్టుని ఎండకెత్తి, చిల్లుల్లోంచి చూస్తూ, "ఇందులో మా సన్నబియ్యం ఏ మూలుందో!" అంది.

"నా నూకల పక్కనే ఉంటుంది. చల్లారకముందే తిను వదినా" అంది ఎస్తేరమ్మ.

కథేమో కంచికి బండెక్కింది,
కునుకేమో కంటి మీదికెక్కింది.
పొయ్యి చల్లారింది, పొట్ట నిండింది,
పడుకో బంగారం, పండగొచ్చింది.